మా చిన్నోడి నత్తి, లాప్‌టాప్‌లో థెరపీ

పోయిన ఏడాది ఉగాది పొద్దున మా చిన్నోడు పచ్చడి గిన్నె పట్టుకుని వంటింట్లోకి వచ్చి "అమ్మా నా నా నా నా" అని అక్కడే ఆగిపోయాడు. నోరు తెరిచే ఉంది, మెడ దగ్గర నరం ఉబ్బింది, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, కానీ గొంతులోంచి శబ్దం రావట్లేదు. నాలుగైదు సెకన్లు ఉంటాయేమో అంతే. తర్వాత గిన్నె గట్టు మీద పెట్టేసి "వద్దులే" అని వెళ్ళిపోయాడు. అప్పటికి వాడికి మూడేళ్ళ పది నెలలు. నత్తి మొదలై ఎనిమిది నెలలు అయ్యింది, కానీ మాట మధ్యలో వదిలేసి పోవడం మాత్రం అదే మొదటిసారి. ఆ "వద్దులే" విన్నాక ఇంక ఊరుకోలేకపోయా.

ఈ విషయం రాద్దామని చాన్నాళ్ళ నుంచి అనుకుంటున్నా. ఎందుకంటే ఆ ఎనిమిది నెలలు నేను రాత్రుళ్ళు ఫోన్‌లో తెగ వెతికేదాన్ని, మన తెలుగులో తల్లులు రాసింది ఏమీ దొరకలేదు, దొరికినవన్నీ వస కొమ్ము, తేనె, బాదం పొడి, మంత్రించిన తాడు. అవి మా ఇంట్లోనూ అయినయ్. మా అత్తమ్మ వస కొమ్ము అరగదీసి నాలుకకి రాసింది, బంగారు ఉంగరం తేనెలో ముంచి నాకించింది, మా ఆడపడుచు నాలుక కింద తీగ కోయించమంది, పక్కింటి ఆంటీ ఎవరినో వెక్కిరించి ఉంటాడు అందుకే అంటుకుంది అంది. ఎవ్వరిదీ చెడ్డ ఉద్దేశం కాదు, అందరికీ వాడంటే ప్రాణమే. కానీ ఈ మాటలన్నీ విని విని నాకు లోపల ఒకటే బాధ, నేనే ఏదో చేశాను, వాడి మీద అరిచాను, తమ్ముడు పుట్టాక వాడిని సరిగ్గా చూస్కోలేదు, ఇంట్లో తెలుగు స్కూల్లో ఇంగ్లిష్ పెట్టి వాడి బుర్ర పాడు చేశాను అని.

వీటిలో ఏదీ కారణం కాదని తర్వాత తెలిసింది. రెండేళ్ళ నుంచి ఐదేళ్ళ మధ్య, అంటే పిల్లలు పొడుగు వాక్యాలు మాట్లాడటం మొదలుపెట్టే టైమ్‌లోనే నత్తి బయటపడుతుంది, ప్రపంచంలో ఏ భాష పిల్లలకైనా అంతే. నూటికి ఐదుగురు పిల్లల దాకా ఏదో ఒక దశలో వస్తుంది, పెద్దయ్యాక ఉండేది నూటికి ఒకరికి. మగపిల్లల్లో ఎక్కువ. మాట్లాడటానికి మెదడులో జరిగే ఏర్పాట్లలో ఉండే తేడా వల్ల వచ్చేది ఇది, ఇళ్ళల్లో వంశంగా కూడా వస్తుంది, 2010లో దీనికి సంబంధించిన జీన్స్‌లో మార్పులు కూడా కనిపెట్టారు. వెక్కిరిస్తే అంటుకోదు, రెండు భాషలు వింటే రాదు, నాలుక తీగకీ దీనికీ సంబంధం లేదు.

వంశం అంటే మా వైపు ఉంది. మా తమ్ముడికి, అంటే మా చిన్నోడి మేనమామకి, చిన్నప్పటి నుంచీ నత్తి. ముప్పై రెండేళ్ళు వాడికి, మంచి ఉద్యోగం, కానీ ఫోన్ ఎత్తడు. ఎవరు చేసినా కట్ చేసి మెసేజ్ పెడతాడు. స్కూల్లో హాజరు పిలిచినప్పుడు "ప్రెజెంట్" అనలేక ఊరికే చెయ్యి ఎత్తేవాడు, సార్ చూడకపోతే ఆబ్సెంట్ పడేది. మా నాన్న పాపం వాడిని గులకరాళ్ళు నోట్లో పెట్టుకుని చదవమనేవాడు. అది చూసి పెరిగిన దాన్ని నేను, కాబట్టి "అదే పోతుందిలే" అని ఎవరైనా అంటే నాకు కడుపులో తిప్పేసేది.

నిజం చెప్పాలంటే ఆ మాటలో కొంత నిజం ఉంది. చాలామంది చిన్నపిల్లలకి థెరపీ ఏమీ లేకుండానే పోతుంది, నలుగురిలో ముగ్గురికి దాకా. గొడవ ఎక్కడంటే ఆ నాలుగోవాడు ఎవడో ముందే చెప్పలేరు. ఇంట్లో ఇంకెవరికైనా పెద్దయ్యాక కూడా ఉండిపోయి ఉంటే, మొదలై ఏడాది దగ్గరపడినా తగ్గకపోతే, మగపిల్లాడైతే, ఎక్కువ జాగ్రత్తగా చూడాలి. పిల్లాడు బాధపడుతున్నాడు, మాట మానేస్తున్నాడు అంటే ఇంక ఆగకూడదు. మా వాడికి ఇవన్నీ కలిసి వచ్చినయ్.

ఉగాది అయిన వారానికే కొండాపూర్ వైపు ఒక స్పీచ్ థెరపీ సెంటర్‌లో చేర్పించాం. మేముండేది హైదరాబాద్‌లో ఈసీఐఎల్ దగ్గర. మా వైపు మెట్రో లేదు, క్యాబ్‌లో వెళ్తే సాయంత్రం పూట గంటన్నర, వాన పడితే రెండు గంటలు. వాడి తమ్ముడిని అత్తమ్మ దగ్గర వదిలి, వీడిని స్కూల్ నుంచి అటే ఎక్కించుకుని, వాడు సగం దారిలో నిద్రపోయి, లేపితే ఏడ్చి, అట్లా వెళ్ళేవాళ్ళం వారానికి రెండుసార్లు. అక్కడ వాడిని ఒక్కడినే గదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసేవాళ్ళు, నలభై నిమిషాలు, ఊదడం, నాలుక తిప్పడం, కొవ్వొత్తి ఆర్పడం. నన్ను బయట కుర్చీలో కూర్చోమనేవాళ్ళు. ఏం చేశారని అడిగితే "బాగా చేశాడు మేడమ్" అనేవాళ్ళు. రెండు నెలల్లో ఒక్కసారి కూడా నన్ను ఇంట్లో ఎట్లా మాట్లాడుతున్నాడని అడగలేదు. పైగా వాడు అక్కడ బాగానే మాట్లాడేవాడు! కొత్తవాళ్ళ దగ్గర తక్కువ మాటలు, చిన్న జవాబులు, నత్తి కనపడేదే కాదు. క్యాబ్ ఎక్కగానే మళ్ళీ "అఅఅఅమ్మా".

మా ఆఫీస్‌లో పనిచేసే ఒకామె చెప్పింది, వాళ్ళ అక్క కూతురికి ఆన్‌లైన్‌లో చేయించారు, చేసే థెరపిస్ట్ విశాఖలో ఉంటారు, తెలుగు అమ్మాయే, ట్రై చెయ్ అని. నాకు అస్సలు నమ్మకం లేదు. నాలుగేళ్ళ పిల్లాడు లాప్‌టాప్ ముందు ఎంతసేపు కూర్చుంటాడు, ఎదురుగా ఉన్నప్పుడే కానిది స్క్రీన్‌లో ఏం అవుతుంది అనుకున్నా. అయినా ఆ క్యాబ్ ప్రయాణం తప్పుతుంది కదా అని ఒప్పుకున్నా, అంతే, ఇంకే ఆశా పెట్టుకోలేదు.

మొదటి కాల్‌లో మేడమ్ వాడితో పది నిమిషాలు మాట్లాడి పంపించేసి, మిగిలిన గంట నాతోనే మాట్లాడారు. "మీ బాబుకి థెరపీ చేసేది నేను కాదమ్మా, మీరు. మీకు నేర్పించడమే నా పని" అన్నారు. అప్పుడు అర్థం కాలేదు కానీ మొత్తం విషయం ఆ ఒక్క మాటలోనే ఉంది.

ఆవిడ చేయించింది లిడ్‌కోమ్ ప్రోగ్రామ్. లిడ్‌కోమ్ అంటే ఆస్ట్రేలియాలో సిడ్నీలో ఒక ఏరియా పేరు, అక్కడ పుట్టింది కాబట్టి ఆ పేరు. ఆరేళ్ళ లోపు పిల్లల కోసం చేసింది. దీంట్లో పిల్లాడికి ఊపిరి పట్టడం, సాగదీసి మాట్లాడటం లాంటివేమీ నేర్పరు. రోజూ పది పదిహేను నిమిషాలు తల్లో తండ్రో కూర్చుని బొమ్మలో పుస్తకమో పెట్టుకుని మాట్లాడాలి, మాట తడబడకుండా వచ్చినప్పుడు వెంటనే చెప్పాలి, "భలే చెప్పావ్, ఎక్కడా ఆగలేదు" అని. అది బాగా అలవాటయ్యి వాడికి నచ్చాక, అప్పుడప్పుడు మాత్రమే, తడబడిన చోట మెల్లగా చెప్పాలి, వాడికి ఇష్టమైతే మళ్ళీ ఒకసారి చెప్పమనాలి. మెచ్చుకోవడం చాలా ఎక్కువ, ఎత్తిచూపడం చాలా తక్కువ. రోజూ రాత్రి ఆ రోజుకి మార్కు వెయ్యాలి, 0 అంటే నత్తి అస్సలు లేదు, 9 అంటే అంతకన్నా ఎక్కువ ఉండదు. ఉగాది రోజుకి ఇప్పుడు వెయ్యమంటే 7 వేస్తా.

వినడానికి ఎంత సింపుల్‌గా ఉందో చెయ్యడం అంత కష్టం, దయచేసి ఇది చదివి ఎవరూ సొంతంగా మొదలుపెట్టొద్దు. నేను మొదటి వారం చేసిన రికార్డింగ్ విని మేడమ్ ఆపేయమన్నారు. ఎందుకంటే నేను ప్రతి వాక్యానికీ "గుడ్, గుడ్, వెరీ గుడ్" అంటున్నా, వాడు చెప్పేది ఏంటో నేను వినట్లేదు. వాడు డైనోసార్ గురించి చెప్తుంటే నేను మాట గురించి మాట్లాడుతున్నా. "ముందు డైనోసార్ సంగతి వినండి, తర్వాత మాట సంగతి" అన్నారు. ఆ రోజు చాలా ఏడ్చా. తర్వాత నేర్చుకున్నా.

మాటల సంగతి కూడా చెప్పాలి. ఇంగ్లిష్‌లో స్మూత్, బంపీ అంటారంట. మన తెలుగులో ఏమనాలి? నత్తి అనే మాట వాడి ముందు వాడటం నాకిష్టం లేదు, మా తమ్ముడిని జీవితాంతం ఆ మాటతోనే పిలిచారు. మేడమ్ అన్నారు, మీ ఇంట్లో మీరు నిజంగా వాడే మాట వెతకండి, నేను ఇవ్వను అని. రెండు రోజులు ఆలోచించాం. చివరికి మాట ఇచ్చింది వాడే. మా వీధిలో పైప్‌లైన్ కోసం తవ్వి వదిలేశారు, స్కూల్ ఆటో అక్కడ ఎగిరెగిరి పడుతుంది, "గతుకు వచ్చింది" అని వాడే అంటాడు రోజూ. అంతే, తడబడితే గతుకు, తడబడకపోతే సాఫీ. "అబ్బ ఎంత సాఫీగా చెప్పావ్ రా", "అక్కడ చిన్న గతుకు వచ్చినట్టుంది కదా". వాడికి ఒక్క రోజులో అర్థమైపోయింది, వారం తర్వాత మా అత్తమ్మ దగ్గరికి పోయి "నానమ్మా నువ్వు సాఫీగా చెప్పినవ్" అని వాడే మెచ్చుకున్నాడు.

అత్తమ్మకి మాత్రం ఈ పద్ధతి మొదట్లో నచ్చలేదు. "పొద్దుమాపు పొగుడుడేంది బిడ్డా, దిష్టి తాకది? నా నోటితోని నేను పోరగాన్ని పొగడ" అంది. నిజమే కదా, మనిళ్ళల్లో పిల్లల్ని మొహం మీద మెచ్చుకోవడం అలవాటే లేదు, నన్ను మా అమ్మ ఎన్నడూ మెచ్చుకోలేదు, ప్రేమ లేక కాదు, దిష్టి భయం. ఇది మేడమ్‌కి చెప్తే ఆవిడ అస్సలు కొట్టిపారేయలేదు. అత్తమ్మని కాల్‌లోకి రమ్మని, "మీరు పొగడకండి అమ్మా, సాఫీగా వచ్చినప్పుడు తల మీద చెయ్యి పెట్టి నిమరండి చాలు" అన్నారు. అత్తమ్మ అది చేసింది. పగలు తల నిమరడం, సాయంత్రం ఉప్పుతో దిష్టి తియ్యడం, రెండూ నడిచినయ్ మా ఇంట్లో. ఆ సిడ్నీ వాళ్ళ పుస్తకంలో ఇది ఉండదు, మా అత్తమ్మకి ఎట్లా చెప్పాలో తెలుసు కాబట్టే మేడమ్ మాకు పనికొచ్చారు. అందుకే చెప్తున్నా, మీ ఇంట్లో మాట్లాడే భాష వచ్చిన థెరపిస్ట్‌నే వెతుక్కోండి, ఊరు ఏదైనా పర్లేదు. ఆన్‌లైన్ వల్ల వచ్చిన పెద్ద లాభం ఇదే అని నాకనిపిస్తుంది.

స్క్రీన్‌తో ఇబ్బందులు లేవని కాదు. మొదట్లో వాడు కెమెరా ముందుకొచ్చి నాలుక బయటపెట్టి పారిపోయేవాడు. మేడమ్ వెంటపడొద్దన్నారు, లాప్‌టాప్ తీసి కింద చాప మీద వాడి ఎత్తులో పెట్టించారు, వాడి ఆటబొమ్మలు అక్కడే, నేను చెవిలో ఒక ఇయర్‌ఫోన్ పెట్టుకుని వాడితో ఆడుతుంటే ఆవిడ నా చెవిలో చెప్పేవారు, "ఇప్పుడు చెప్పండి", "ఇది వదిలేయండి", "ప్రశ్నలు ఆపండి, వాడినే మాట్లాడనివ్వండి". వాడికి ఆవిడ ఉన్నట్టే తెలీదు. ఇది క్లినిక్‌లో ఎట్లా అవుతుంది చెప్పండి.

పెద్ద ఇబ్బంది నెట్. వాడు "త" అని ఆగుతాడు, స్క్రీన్ కూడా ఆగుతుంది, నెట్ ఆగిందా వాడి మాట ఆగిందా ఆవిడకి తెలీదు. అందుకని లైవ్‌లో విన్నదాన్ని బట్టి ఎప్పుడూ మార్కు వేసేవారు కాదు. వారంలో మూడు రికార్డింగ్‌లు ఫోన్‌లో చేసి వాట్సాప్‌లో పంపించమనేవారు, ఒకటి అన్నం తినేటప్పుడు, ఒకటి ఆడుకునేటప్పుడు, ఒకటి వాడు బాగా ఎగ్జయిట్ అయినప్పుడు. అవి విని ఆవిడ ఒక మార్కు వేసేవారు, నేను ఒకటి, రెండూ పోల్చేవాళ్ళం. మొదట్లో నాది 6 ఆవిడది 4, నా భయం వల్ల ఎక్కువ వేస్తున్నా. నెల తిరిగేసరికి ఒకటి అటూ ఇటూగా కలిసినయ్. వాడి నిజమైన మాట, ఇంట్లో తమ్ముడి మీద అరిచే మాట, ఆ సెంటర్‌లో రెండు నెలల్లో ఎవరూ విననిది, విశాఖలో కూర్చున్న ఆవిడ మొదటి వారంలోనే విన్నారు.

నా అనుమానం పోవడానికి ఇంకోటి కూడా పనిచేసింది. 2016లో ఆస్ట్రేలియాలో 49 మంది పిల్లలతో ఒక ట్రయల్ చేశారంట, మూడు నుంచి ఆరేళ్ళ లోపు వాళ్ళు, సగం మందికి క్లినిక్‌లో, సగం మందికి వెబ్‌క్యామ్‌లో ఇదే ప్రోగ్రామ్. ఫలితంలో తేడా రాలేదు. కరోనా కంటే ముందు సంగతి ఇది. ఈ ప్రోగ్రామే అసలు పనిచేస్తుందా అన్నదాని మీద అంతకుముందే 2005లో న్యూజిలాండ్‌లో 54 మందితో చేసిన ట్రయల్ ఉంది, థెరపీ తీసుకోని పిల్లల కంటే తీసుకున్నవాళ్ళకి బాగా ఎక్కువ తగ్గింది. ఇదొక్కటే మందు అని కూడా నేను అనట్లేదు. 2015లో నెదర్లాండ్స్‌లో 199 మంది పిల్లల్లో దీన్నీ, ఇంట్లో ఒత్తిడి తగ్గించి పిల్లాడి మీద పడే భారం తేలిక చేసే ఇంకో పద్ధతినీ పోల్చారు, ఏడాదిన్నర తర్వాత రెండిట్లోనూ నూటికి డెబ్బై మంది పైనే నత్తి లేకుండా ఉన్నారు. మీ థెరపిస్ట్ రెండోది చేయిస్తుంటే కంగారు పడకండి.

ఇంకో మాట, చాలామంది డాక్టర్లు, పెద్దవాళ్ళు "పట్టించుకోకండి, వాడి ముందు ఎత్తకండి" అంటారు. నాకూ చెప్పారు. ఇది ఎక్కడి నుంచి వచ్చిందో మేడమ్ చెప్తే ఒళ్ళు జలదరించింది. అమెరికాలో అయోవాలో వెండెల్ జాన్సన్ అనే ప్రొఫెసర్, తల్లిదండ్రులు నత్తి నత్తి అనడం వల్లే నత్తి వస్తుందని నమ్మాడు. 1939లో ఆయన దగ్గర చదివే అమ్మాయి చేత ఒక అనాథాశ్రమంలో 22 మంది పిల్లల మీద ప్రయోగం చేయించాడు, మామూలుగా మాట్లాడే కొందరు పిల్లలకి కూడా నీకు నత్తి ఉంది అని చెప్పించాడు. వాళ్ళకి నత్తి రాలేదు గానీ మాట్లాడాలంటేనే భయం పట్టుకుంది. ఆ యూనివర్సిటీ 2001లో క్షమాపణ చెప్పింది. తప్పు తల్లిదే అనే ఆ నమ్మకం మాత్రం దేశాలు దాటి మా కుషాయిగూడ దాకా వచ్చి నా మీద పడింది. పిల్లాడికి తెలుసండీ. మాట రాకపోతే వాడికి తెలీదా? నేను పట్టించుకోనట్టు మొహం తిప్పుకున్న ఎనిమిది నెలలు వాడు ఒక్కడే మోశాడు. "గతుకు" అని పేరు పెట్టిన రోజు నుంచి అది మా ఇద్దరిదీ అయింది.

మార్కులు ఎట్లా దిగినయ్ అంటే నేరుగా దిగలేదు. బోనాలప్పుడు మొదలుపెట్టాం, దసరాకి 3 దగ్గరికి వచ్చింది, అక్కడ జ్వరం వచ్చి మళ్ళీ 5, తర్వాత ప్లే స్కూల్లో టీచర్ నలుగురి ముందు నిలబెట్టి మళ్ళీ చెప్పు మళ్ళీ చెప్పు అనిపించినప్పుడు 6. ఆ రోజు స్కూల్‌కి వెళ్ళి గొడవపడి వచ్చా. సంక్రాంతికి వరసగా మూడు వారాలు 0, 1 మాత్రమే, అందులోనూ వారానికి నాలుగైనా 0లు, అప్పుడు రెండో దశలోకి పంపారు. అంటే ఇంక వారం వారం కాల్ ఉండదు, రెండు వారాలకి, తర్వాత నాలుగు, ఎనిమిది, పదహారు, అట్లా దూరం పెంచుకుంటూ పోతారు, మళ్ళీ పెరిగితే దగ్గరకి తెస్తారు. ఈ దశని చాలామంది మధ్యలో మానేస్తారంట తగ్గిపోయిందిలే అని, మానొద్దు, తిరిగి రావడం కూడా ఉంటుంది. ఇప్పుడు మేము ఎనిమిది వారాల దాంట్లో ఉన్నాం. మొన్న 2 వేశా ఒకరోజు. నిద్ర రాలేదు. పొద్దున మెసేజ్ పెడితే "ఒక్క రోజు 2 ఏమీ కాదు, ప్రాక్టీస్ పెంచండి, శుక్రవారం రికార్డింగ్ పంపండి" అన్నారు.

డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళకి: సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో, బోయిన్‌పల్లి దగ్గర, వినికిడి, మాట సమస్యలు చూసే కేంద్ర ప్రభుత్వం వాళ్ళ అలీ యావర్ జంగ్ ఇన్‌స్టిట్యూట్ రీజనల్ సెంటర్ ఉంది, మెయిన్ ముంబైలో. మైసూర్‌లో 1965 నుంచీ ఉన్న ఆల్ ఇండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ స్పీచ్ అండ్ హియరింగ్ మన దేశంలో దీనికి పెద్ద దిక్కు. ప్రైవేట్‌లో, ఆన్‌లైన్‌లో ఎవరి దగ్గరికి వెళ్ళినా ముందు ఆర్‌సీఐ (రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ నంబర్ అడగండి, నిజమైన స్పీచ్ థెరపిస్ట్‌లకి అది ఉంటుంది, అడిగితే కోపం తెచ్చుకోరు. మిమ్మల్ని గది బయట కూర్చోమంటే, చిన్నపిల్లాడి నత్తికి, ఎందుకని గట్టిగా అడగండి.

మా తమ్ముడు ఈ ఏడాది అంతా చూస్తూనే ఉన్నాడు. ఆదివారాలు వస్తాడు, చాప మీద మా పక్కనే కూర్చుంటాడు, ఏమీ అనడు. ఒకరోజు చిన్నోడు వాడిని చూసి "మామా నీక్కూడా గతుకులు వస్తయా" అని అడిగాడు, నా గుండె ఆగిపోయింది, వాడు మాత్రం "వ వ వస్తయ్ రా, నీకన్నా పెద్దయి" అన్నాడు, వీడు సరే అని కార్ బొమ్మ వాడి చేతిలో పెట్టి ఆటలో కలుపుకున్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర చెప్పులేసుకుంటూ, పెద్దోళ్ళకి కూడా ఉంటదా అక్కా ఇట్లాంటిది, అని అడిగాడు. మేడమ్‌ని అడిగా. పెద్దవాళ్ళకి ఈ పద్ధతి కాదు, వేరేవి ఉన్నాయి, ఆన్‌లైన్‌లోనే చెయ్యొచ్చు, ఫోన్ చెయ్యక్కర్లేదు మెసేజ్ పెట్టమనండి అన్నారు. నంబర్ ఇచ్చా వాడికి. ఇంకా పెట్టలేదు. ఈ ఆదివారం వస్తాడు, మళ్ళీ అడుగుతా.